తెల్లవారుజాము మార్కెట్‌కు ఏ లెన్సు?

కొత్తగా కెమెరా కొనేవాళ్లు దుకాణంలో ధర కనుక్కున్నాక అడిగే మాట దాదాపు ఒకటే: "అన్నిటికీ పనికొచ్చే జూమ్ లెన్సు ఒక్కటి చూపించండి." దానికి జవాబు అంకెల్లో వస్తుంది. 18-140, 18-200, 18-400. చివరి అంకె ఎంత పెద్దదైతే లెన్సు అంత గొప్పదన్న లెక్క కొనేవాళ్ల మనసులో ముందే ఉంటుంది. ఆ లెక్క తప్పని నా వాదన. మొదటి కెమెరాకు బిగించే లెన్సును మొదటి అంకె చూసి, ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే ఎఫ్ అంకె చూసి ఎంచుకోవాలి. ఎంత వెడల్పు ఫొటోలో పడుతుందో మొదటి అంకె చెబుతుంది. ఎంత వెలుతురు లోపలికి వస్తుందో ఎఫ్ అంకె చెబుతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మొదలుకొని హయత్‌నగర్ మీదుగా బాటసింగారం దాకా హైదరాబాద్ తూర్పు వైపున కెమెరా పట్టుకునే కుర్రకారుకు ఎదురయ్యే దృశ్యాల్లో ఎక్కువ భాగం ఇరుకు చోట్లలో, తక్కువ వెలుతురులో ఉండేవే. హాస్టల్ గది, ఫంక్షన్ హాలు, వినాయక మండపం, పొద్దుగూకాక ఆడే బతుకమ్మ, తెల్లారకముందే మొదలయ్యే పండ్ల మార్కెట్. వీటిలో ఒక్కటి కూడా నాలుగు వందల మిల్లీమీటర్ల లెన్సును అడగదు.

బాటసింగారం పండ్ల మార్కెట్‌నే తీసుకుందాం. ఏళ్ల తరబడి కొత్తపేటలో నడిచిన గడ్డిఅన్నారం మార్కెట్ 2021-22లో అక్కడినుంచి కదిలి, విజయవాడ జాతీయ రహదారి పక్కన బాటసింగారంలోని లాజిస్టిక్స్ పార్కుకు వచ్చింది. పాత మార్కెట్ స్థలాన్ని ఆస్పత్రికి ఇచ్చారు. ఇక్కడి ఏర్పాటు తాత్కాలికమనీ, శాశ్వత మార్కెట్ కోహెడలో వస్తుందనీ మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. మామిడి సీజన్ వస్తే కొల్లాపూర్ నుంచీ జగిత్యాల నుంచీ రాత్రంతా లారీలు దిగుతాయి. హమాలీలు ట్రేలు మోస్తుంటారు, దడ్వాయిలు తూకాలు వేస్తుంటారు, కమీషన్ ఏజెంట్ల చుట్టూ వేలంపాటకు జనం గుమిగూడతారు. ఎండ ముదిరేసరికి అసలు పని చాలామటుకు అయిపోతుంది. పైన రేకుల కప్పు, దాని కింద ట్యూబులైట్లు, పేర్చిన ట్రేల వరసల మధ్య ఇద్దరు మనుషులు ఒకరినొకరు తప్పుకుని నడిచేంత జాగా. కొత్తపేట మార్కెట్ ఎలా ఉండేదో ఈ రోజు పదేళ్ల పిల్లలకు తెలియదు. బాటసింగారం కూడా ఒకనాడు అలాగే జ్ఞాపకం అవుతుంది. ఈ చుట్టుపక్కల పిల్లల చేతుల్లోని కెమెరాలు ఆ పనినీ ఆ మనుషులనూ పట్టుకోగలగాలి. అందుకే లెన్సు ఎంపికను ఒక వస్తువు కొనుగోలుగా మాత్రమే చూడలేకపోతున్నాను.

ఇప్పుడు ఆ రేకుల కప్పు కిందే ఒక లెక్క వేద్దాం. లారీ మీది మనిషి కింద నిలబడ్డ మనిషికి పుచ్చకాయ జారవిడుస్తాడు. ఎనభై సెంటీమీటర్లు పడేసరికి కాయ వేగం సెకనుకు దాదాపు నాలుగు మీటర్లకు చేరుతుంది. ఎఫ్ 2.8 దగ్గర ఆ వెలుతురుకు షట్టర్ స్పీడు సెకనులో 250వ వంతు కుదిరిందనుకుందాం. షట్టర్ తెరిచి మూసేలోపు కాయ ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే కదులుతుంది. ఫొటోలో కాయ కాయలాగే ఉంటుంది, దాని చారలు కూడా కనిపిస్తాయి. అదే ఎఫ్ 6.3 అయితే లోపలికి వచ్చే వెలుతురు అయిదో వంతుకు పడిపోతుంది. అదే ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) దగ్గర షట్టర్ 50వ వంతుకు దిగాలి. ఆ కాస్త వ్యవధిలో కాయ ఎనిమిది సెంటీమీటర్లు కిందికి జారుతుంది. ఇద్దరి చేతుల మధ్య ఆకుపచ్చని మరక ఒకటి మిగులుతుంది. ఫోకస్ తప్పలేదు, చెయ్యి వణకలేదు, కెమెరాలో లోపం లేదు. వెలుతురు చాలలేదు, అంతే. కొత్తవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. తమకు ఫొటో తీయడం రాదనుకుని కెమెరాను బీరువాలో పెట్టేస్తారు. అలా మూలపడ్డ కెమెరాలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో చెప్పనక్కర్లేదు.

వెడల్పు సంగతీ అంతే. మొదటి కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు నికాన్, సోనీల్లో 23.5 మిల్లీమీటర్లు, కెనాన్‌లో అంతకన్నా కొంచెం తక్కువ. 18 మిల్లీమీటర్ల దగ్గర మూడు మీటర్ల ఎడంలో నిలబడితే ఫ్రేములో దాదాపు 3.9 మీటర్ల వెడల్పు పడుతుంది. అంటే తూకం కాటాతో పాటు దాని పక్కన దడ్వాయి, ట్రే పట్టుకున్న హమాలీ, చిట్టా రాసుకుంటున్న గుమాస్తా, ముగ్గురూ పడతారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల కోసం చేసిన 28-200 లాంటి లెన్సును, ముందుముందు పనికొస్తుందని ఎవరో చెబితే ఇదే కెమెరాకు బిగించారనుకోండి, అదే చోట నిలబడితే పడేది రెండున్నర మీటర్లే. ముగ్గురిలో ఒకరు తప్పకుండా బయటికి పోతారు. వెనక్కి జరుగుదామంటే వెనక ట్రేల గోడ ఉంటుంది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చుకోవాలంటే నాలుగడుగులు ముందుకు నడిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఇరుకు చోటును వెడల్పు చేయడం మాత్రం కాళ్ల వల్ల కాదు.

మరి పెద్ద జూములు ఎందుకంత తక్కువ వెలుతురు ఇస్తాయి? ఇందులో కంపెనీల మోసం ఏమీ లేదు, కాంతిశాస్త్రం ఉంది. ఎఫ్ అంకె అంటే ఫోకల్ లెంగ్త్‌ను లెన్సు ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 400 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్ 6.3 కావాలంటే దాదాపు 63 మిల్లీమీటర్ల ద్వారం చాలు, అది చేతిలో ఇమిడే లెన్సులో పట్టేస్తుంది. అదే 400 దగ్గర ఎఫ్ 2.8 కావాలంటే ద్వారం 14 సెంటీమీటర్లు దాటాలి. ఆ గాజును మోయాలంటే కాలి స్టాండు కావాలి, కొనాలంటే లక్షలు కావాలి. స్టిల్ కెమెరాకు తొలి జూమ్‌గా 1959లో వచ్చిన ఫోక్ట్‌లెండర్ జూమర్‌ను చూడండి. 36 నుంచి 82 దాకానే వెళ్లేది, ఆ పరిధి పొడవునా ఎఫ్ 2.8 ఇచ్చేది. ఆనాటి ఇంజనీర్లు దూరాన్ని కొంచెమే పెంచుకుని వెలుతురును కాపాడుకున్నారు. తర్వాత గాలి మారింది. టామ్రాన్ 1992లో 28-200 తెచ్చింది, 2017లో 18-400 దాకా వెళ్లింది. రెండూ ఇంజనీరింగ్‌గా మెచ్చుకోవలసినవే. కానీ 18ని 400తో కలపాలంటే ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు. ఆ రాజీ ముందు వెలుతురు దగ్గర, తర్వాత అంచుల పదును దగ్గర పడింది. పగటి ఎండలో నిలబడి తీసేవాళ్లకు ఆ రాజీ తెలియనే తెలియదు. ట్యూబులైట్ల కింద తీసేవాళ్లకు మొదటి రోజే తెలుస్తుంది.

ఈ మాట అనగానే వచ్చే అభ్యంతరాల్లో మొదటిది, లెన్సులో వణుకును ఆపే స్టెబిలైజేషన్ ఉంది కదా అని. ఉంది, నిజంగా పనికొస్తుంది కూడా. మండపంలోని విగ్రహాన్ని, గుడి గోపురాన్ని, నిలబడి ఉన్న లారీని తక్కువ షట్టర్ స్పీడు దగ్గర చెక్కుచెదరకుండా తీయవచ్చు. కానీ అది ఆపేది ఫొటో తీసేవాళ్ల చేతి కదలికను. పడుతున్న పుచ్చకాయను అది ఆపలేదు, చప్పట్లు కొడుతూ తిరుగుతున్న బతుకమ్మ వలయాన్నీ ఆపలేదు. రెండోది ఇంకాస్త బలమైనది. ఇప్పటి సెన్సర్లు ఐఎస్ఓ 8000 దగ్గర కూడా చూడదగ్గ ఫొటో ఇస్తాయి, మిగిలిన నాయిస్‌ను సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుంది, ఇక ఎఫ్ 6.3 అయితే ఏమిటి అంటారు. పదిహేనేళ్ల కిందట ఈ వాదన నిలిచేది కాదు, ఇప్పుడు సగం నిలుస్తుంది. అయితే ఎఫ్ 2.8 దగ్గర 1600తో అయ్యే పనికి ఎఫ్ 6.3 దగ్గర 8000 కావాలి. 8000 దగ్గర ముందుగా పోయేవి చర్మపు రంగు, నీడల్లోని వివరం. ట్యూబులైటు కింద మామిడి పసుపుకూ, హమాలీ ముఖం మీది చెమటకూ ఉన్న తేడాయే ఆ ఫొటోకు ప్రాణం. సాఫ్ట్‌వేర్ నాయిస్‌తో పాటు ఆ తేడాను కూడా నున్నగా చేసేస్తుంది. పైగా కొత్తగా కెమెరా పట్టిన వాళ్లందరి దగ్గరా మంచి కంప్యూటర్ ఉంటుందనుకోవడం మన హాస్టళ్ల పరిస్థితి తెలియక అనే మాట.

మూడో అభ్యంతరం దుమ్ము. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. లారీలు తిరిగే చోట, వరిగడ్డి ఎగిరే చోట లెన్సు విప్పి ఇంకోటి బిగించడం సెన్సర్ మీదికి దుమ్మును పిలవడమే. ఒకే లెన్సుతో అన్నీ అయిపోతే ఆ బాధ ఉండదన్నది న్యాయమైన మాట. కానీ దాన్నిబట్టి తేలేది ఒక్కటే, ఒక లెన్సు ఎంచుకుని దానితోనే ఉండాలని. ఆ ఒక్క లెన్సు పెద్ద జూమే కావాలని ఎక్కడా తేలదు. 18-50నో 17-70నో బిగించుకుని మార్కెట్‌లో అడుగుపెట్టినవాళ్లకు బయటికి వచ్చేదాకా దాన్ని విప్పాల్సిన పనే రాదు. పైగా పెద్ద జూమును తిప్పిన ప్రతిసారీ దాని గొట్టం చాలా పొడవు బయటికి సాగి మళ్లీ లోపలికి పోతుంది. ఆ రాకపోకల్లో గాలి లోపలికి వెళ్తుంది, గాలితో పాటు దుమ్మూ వెళ్తుంది. బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 18-400 ఒక్కటే ఏడు వందల గ్రాములు దాటుతుంది. కెనాన్ 18-55, 55-250 రెండూ కలిపినా ఆరు వందలలోపే.

నాలుగో అభ్యంతరం ఈ ప్రాంతంవాళ్లే లేవనెత్తగలిగేది. వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఉంది కదా, కృష్ణజింకలను తీయాలంటే దూరపు లెన్సు వద్దా? ఒకప్పుడు నిజాం వేటాడిన ఆ అడవిని 1975లో జింకల కోసం కేటాయించారు. ఎల్బీనగర్ దాటగానే అలాంటి అడవి ఉండటం ఈ వైపు పిల్లల అదృష్టం. సరే, లెక్క చూద్దాం. జింక పొడవు 1.2 మీటర్లు, అది ఉన్నది 80 మీటర్ల దూరంలో అనుకుందాం. 200 మిల్లీమీటర్ల దగ్గర ఫ్రేము వెడల్పు 9.4 మీటర్లు అవుతుంది, అందులో జింక ఎనిమిదో వంతు. 400 దగ్గర అయితే నాలుగో వంతు. అంటే దుకాణంలో ఎక్కువగా చూపించే 18-140, 18-200లు జింకకు చాలవు. 18-400 సరిపోతుంది గానీ దాని ధరకు ఇంకో కెమెరా వస్తుంది. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లే అడవి కోసం మిగిలిన రోజులన్నీ తక్కువ వెలుతురు లెన్సుతో కాలం గడపడం సరైన బేరం కాదు. అడవికి వెళ్లే రోజున హైదరాబాద్‌లో లెన్సులు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర పెద్దది తెచ్చుకోవచ్చు. అదే ఇష్టంగా మారితే దూరపు జూమును విడిగా కొనుక్కోవచ్చు. పక్షులు, జింకలు తప్ప మరేదీ తీయనని మొదటే నిశ్చయించుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు నా వాదన వర్తించదు, వాళ్లు దూరపు లెన్సే కొనాలి.

ఇంకో మాట కూడా ఉంది, అది లెక్కల్లో తేలదు. దూరపు లెన్సుతో మార్కెట్‌కు వెళ్లినవాళ్లు ఏ గేటు దగ్గరో నిలబడి హమాలీ ముఖాన్ని అతనికి తెలియకుండా లాక్కోగలరు. పొట్టి జూముతో అది సాధ్యం కాదు. రెండు మూడు మీటర్ల దగ్గరికి వెళ్లాలి, "అన్నా, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగాలి, వద్దంటే ఆగాలి, సరేనంటే అతని పనికి అడ్డం రాకుండా పక్కకు జరగాలి. ఆ రెండు నిమిషాల మాటల్లో పేరు తెలుస్తుంది, ఊరు తెలుస్తుంది, భుజం మీద గుడ్డ ఎందుకు అలా మడిచాడో తెలుస్తుంది. 2022లో కన్నుమూసిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లను, గుమ్మాలను, బతుకమ్మను తీస్తూ గడిపారు. అలాంటి బొమ్మలకు తీసేవాళ్లకూ ఎదుటివాళ్లకూ మధ్య నమ్మకం కావాలి. దూరాన నిలబడి నమ్మకం సంపాదించుకోవడం ఎవరివల్లా కాదు. పొట్టి లెన్సు కొత్తవాళ్లను దగ్గరికి నడిపిస్తుంది. అందుకోసమైనా దాన్నే మొదట ఇవ్వాలని నేనంటాను.

ఇక ఏది కొనాలి? ముందుగా కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సును చిన్నచూపు చూడటం మానాలి. కెనాన్ 1500డీతో వచ్చే 18-55 విడిగా లెక్కేస్తే దాదాపు ఉచితంగా వచ్చినట్టే. 18 దగ్గర ఎఫ్ 3.5 ఇస్తుంది, ఇరుకు చోటుకు సరిపోయే వెడల్పు ఇస్తుంది. దాని బలహీనత 55 దగ్గర, అక్కడ ఎఫ్ 5.6కు పడిపోతుంది. ఆ లోటును పదివేల రూపాయల చుట్టుపక్కల దొరికే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు తీరుస్తుంది. 5.6తో పోలిస్తే అది దాదాపు పది రెట్లు వెలుతురు ఇస్తుంది. ఈ రెండూ కలిపినా పెద్ద జూము ధరలో చిన్న భాగమే. మిర్రర్‌లెస్ కొనేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. కంపెనీలు బరువు తగ్గించే తొందరలో కిట్ లెన్సుల వెలుతురుకే కోత పెట్టాయి. కెనాన్ ఆర్50తో వచ్చే 18-45 బరువు 130 గ్రాములే. కానీ 18 దగ్గరే ఎఫ్ 4.5తో మొదలై 45కు వచ్చేసరికి ఎఫ్ 6.3కు చేరుతుంది. బాటసింగారం ట్యూబులైట్ల కింద ఇది బాగా ఇబ్బంది పెడుతుంది. ఆ కెమెరాలు కొనేవాళ్లు వీలుంటే బాడీ ఒక్కటే తీసుకుని, మిగిలిన డబ్బుకు కొంత కలిపి సిగ్మా 18-50 ఎఫ్ 2.8 లాంటిది కొనడం మంచిది. 2021లో వచ్చిన ఆ లెన్సు మూడు వందల గ్రాముల లోపే ఉంటుంది, 18 నుంచి 50 దాకా ఎఫ్ 2.8 మారదు. 2024 నుంచి కెనాన్ ఆర్ఎఫ్ మౌంటుకూ దొరుకుతోంది. సోనీవాళ్లకు టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8 కూడా ఉంది, కాస్త బరువు, కాస్త ఎక్కువ పొడవు, స్టెబిలైజేషన్ అదనం. అన్నిటికీ పనికొచ్చేది ఒక్కటి చూపించమంటే నేను చూపించేవి ఇవి.

అంత డబ్బు ఎక్కడిదన్నది అసలైన అభ్యంతరం. దానికి నా జవాబు సెకండ్‌హ్యాండ్ బజారు. పాత డీఎస్ఎల్ఆర్‌ల కోసం సిగ్మా, టామ్రాన్ కంపెనీలు చేసిన 17-50 ఎఫ్ 2.8 లెన్సులు కొత్త ధరకన్నా బాగా తక్కువకు చేతులు మారుతుంటాయి. వాటిని కళ్లు మూసుకుని కొనకూడదు. రెండు వైపులా మూతలు తీసి, ఒక చివర ఫోన్ టార్చి వేసి రెండో చివర నుంచి చూడాలి. మన వానాకాలం తేమకు గాజు లోపల సాలెగూడులా అల్లుకునే ఫంగస్ ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఫంగస్ ఉన్న లెన్సును ఎంత తగ్గించి ఇచ్చినా వదిలేయాలి. జూమ్ రింగు తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు. ఎఫ్ 2.8 దగ్గర ఒకటి, ఎఫ్ 8 దగ్గర ఒకటి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడాలి. ఒక మూల మరీ అలుక్కుపోయి ఉంటే ఆ లెన్సు ఎప్పుడో కింద పడిందని అనుమానించాలి. ఈ పరీక్షలకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకన్న మాట కూడా వినిపిస్తుంది. ఫోన్ల ప్రధాన కెమెరా లెన్సులు సాధారణంగా ఎఫ్ 1.8 ప్రాంతంలో ఉంటాయి, పైగా రాత్రిపూట పలు ఫ్రేములు కలిపి ఒక ఫొటో చేస్తాయి. ఎఫ్ 6.3 జూముతో రాత్రి తీసిన ఫొటో ఫోన్ ఫొటో పక్కన వెలవెలపోతే, కెమెరా కొన్న ఇంట్లో అంతా ఇంత ఖర్చు దేనికని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వెలుతురు ఇచ్చే లెన్సు ఉంటే ఫోన్‌కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన సెన్సర్ తన సత్తా చూపించగలుగుతుంది. నాలుగైదు ఫ్రేములు కలిపే ఫోన్ పడుతున్న పుచ్చకాయ దగ్గర తడబడుతుంది, ఒక్క ఫ్రేములో 250వ వంతు సెకనుకు తీసే కెమెరా తడబడదు.

ఇప్పటికే 18-55 చేతిలో ఉన్నవాళ్లు తర్వాతి లెన్సు గురించి తొందరపడక్కర్లేదు. ఒక మామిడి సీజన్, ఒక బోనాలు, ఒక దసరా దానితోనే తీయండి. కెమెరా తీసిన ప్రతి ఫొటో లోపలా ఏ మిల్లీమీటరు దగ్గర, ఏ ఎఫ్ అంకెతో, ఏ ఐఎస్ఓతో తీశారో నమోదై ఉంటుంది. కంప్యూటర్‌లో ఫొటో వివరాలు తెరిస్తే కనిపిస్తుంది. నచ్చిన వంద ఫొటోలు ఏరి ఆ వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కువ ఫొటోలు 18 దగ్గరే పోగుపడితే మీకు ఇంకా వెడల్పు కావాలి, 10-18 లాంటిది చూడండి. 55 దగ్గర పోగుపడి, అవి పగటివెలుతురువే అయితే 55-250 కొనండి. ఐఎస్ఓ గడిలో 6400, 12800లే వరసగా కనబడుతుంటే మీకు కావలసింది ఎఫ్ 2.8 జూము. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోండి.